హుసేను నడుం, వాళ్ళ నాన్న విల్లు

"ఆ అమ్మాయి కాలు నా నడుం మీద పడితే రేపు ఊళ్ళో తలెత్తుకుని తిరగగలనా?" అంటున్నాడు హుసేను.

"ఇప్పుడు ఎత్తుకునే తిరుగుతున్నావు పాపం! నిన్నటి నుంచీ నేల తప్ప ఆకాశం చూశావా నువ్వు?" అంటోంది అతని భార్య మస్తానమ్మ.

"మరదలి చేత తన్నించుకున్నాడంటారే!"

"అననీ. అనేవాళ్ళొచ్చి దూది ఏకి పెడతారా? మన పొయ్యిలో పిల్లి లేస్తుందా?"

నేను ఆముదం గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాను. నన్ను చూసి ఇద్దరూ ఒక్కసారే, "నువ్వు చెప్పు కోటమ్మా" అన్నారు.

ఇది పంతొమ్మిది వందల యాభై ఎనిమిది, చలికాలం నాటి సంగతి. మాది గుంటూరు పక్కన నల్లపాడు అవతలి ఊరు. ఒకవైపు పత్తి, ఒకవైపు మిరప. నేను చదివింది మూడో తరగతి. మా అత్తగారి దగ్గర నేర్చుకున్నది నడుం పట్లు, మెడ పట్లు, బెణుకులు సవరించడం, బాలింతలకీ పసిబిడ్డలకీ నూనె పెట్టడం. ఇప్పుడు ఆసుపత్రుల్లో ఫిజియోథెరపీ అని ఒక గది ఉంటోంది. మందు బిళ్ళ లేకుండా కండనీ కీలునీ దారికి తెచ్చే వైద్యం అది. మేము చేసింది అంత శాస్త్రంగా చేసింది కాదు. చేత్తో తడిమి చూసి, నూనె రాసి, కాపడం పెట్టి, పడుకోబెట్టేవాళ్ళం. ఎముక విరిగిందనిపించినా, కాలు మొద్దుబారినా, జ్వరం ఉన్నా ముట్టుకోకుండా గుంటూరు ఆసుపత్రికి బండి కట్టమనేవాళ్ళం.

నాకు రెండు పట్టింపులు ఉండేవి. నూనె ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి, మిగిలింది మళ్ళీ సీసాలో పోసుకోవాలి. చేతినూనె గుడ్డకి తుడిస్తే ఒప్పుకునేదాన్ని కాదు, కాళ్ళకి రాసుకోమనేదాన్ని. రెండోది, మగవాళ్ళకి నేను చెయ్యి వెయ్యను. వాళ్ళ భార్యదో తల్లిదో చేతి మీద నా చెయ్యి ఆనించి, ఎక్కడ నొక్కాలో ఎంత నొక్కాలో ఆ చేతికే చెబుతాను. ఈ పద్ధతిలో వైద్యంతోపాటు ఆ కాపురం సంగతి కూడా కొంత తెలిసిపోతుంది. మస్తానమ్మ మొదటిరోజు నొక్కిన నొక్కుడు మర్దన కాదు, పాత బాకీ వసూలు. "వదినా, అది నడుం, పచ్చడి బండ కాదు" అని చెప్పాల్సి వచ్చింది.

హుసేను దూదేకుల మనిషి. విల్లు నారిని కర్రతో కొడుతూ దూది ఏకి, పరుపులూ బొంతలూ కుట్టి ఇచ్చేవాడు. బరువైన విల్లు ఎడమచేత్తో పట్టుకుని, ఒక పక్కకి ఒరిగి పొద్దస్తమానం కూర్చుంటే ఏ నడుమైనా పట్టేస్తుంది. చలికాలంలో చేసే పనే వాళ్ళకి ఏడాది తిండి. ఇంటినిండా ఊరివాళ్ళ పత్తి గోతాలు పేర్చి ఉన్నాయి. ఆలస్యమైతే పక్క ఊరి మనిషికి ఇచ్చేసుకుంటామని అప్పటికే కబుర్లు వస్తున్నాయి.

మొదటిసారి వెళ్ళినప్పుడు వెచ్చటి ఆముదం రాయించి, వావిలాకు వేయించి గుడ్డలో మూటకట్టి కాపడం పెట్టించాను. పరుపు వద్దని బల్ల మీద పడుకోబెట్టాను. ఊరందరికీ పరుపులు కుట్టేవాణ్ణి చెక్క మీద పడుకోమంటావా అని గొణిగాడు. మర్నాటికి కాస్త వదిలింది. వదలగానే లేచి విల్లు పట్టుకున్నాడు. రెండు గోతాలు ఏకేలోపు ముందుకన్నా గట్టిగా పట్టేసింది. నేను గుమ్మంలో విన్న తగాదా ఆ తర్వాతిది.

ఎదురుకాళ్ళతో, అంటే తలకి ముందు కాళ్ళు వచ్చి పుట్టిన మనిషి కాలు తగిలిస్తే నడుం పట్టు వదులుతుందని మా వైపు నమ్మకం. మా ఊళ్ళో అలా పుట్టింది బీబమ్మ ఒక్కతే. ఆ బీబమ్మ హుసేను తమ్ముడు సైదులు భార్య. అన్నదమ్ములకి మాటల్లేవు. తండ్రి పోయాక విల్లు ఒక్కటే మిగిలింది. "నీ చేతిలో దూది గడ్డకడుతుంది, బేరాలు పోతాయి" అని హుసేను తమ్ముణ్ణి దాన్ని ముట్టనివ్వలేదు. సైదులు మిరపకాయ కోతలకీ, బస్తాల్లో కాయ కూరి తొక్కడానికీ కూలికి పోతున్నాడు. రెండు వాకిళ్ళ మధ్య ముళ్ళకంప నాటుకున్నారు.

నేను నాకు తెలిసింది చెప్పాను. "కాపడం నిన్న పనిచేసింది, ఇవాళా పనిచేస్తుంది. నువ్వు పడుకోవు, అదీ జబ్బు. తన్నించుకుంటానంటే మాత్రం తన్నులు లేవు, బొటనవేలు తగలాలి. మడమ ఆనిందంటే నేను ఊరుకోను."

చివరికి నొప్పే హుసేను చేత ఊఁ అనిపించింది. మస్తానమ్మ కంప దగ్గరికి వెళ్ళి పిలిచింది. బీబమ్మ హడలిపోయింది.

"అక్కా, బావగారి మీద కాలెత్తితే నా కళ్ళు పోవూ?"

"నీ కళ్ళకేం కాదు. ఆయన బోర్లా ఉంటాడు, నిన్ను చూడడు. నువ్వూ గోడకేసి చూడు. కాళ్ళు మాత్రం కడుక్కుని రా, నూనె రాసి ఉంది."

బీబమ్మ కొంగు ముఖం మీదికి లాక్కుని, గోడకేసి చూస్తూ, కాలి బొటనవేలు మూడుసార్లు ఆనించింది. వెంటనే వంగి బల్ల అంచు తాకి కళ్ళకద్దుకుంది. హుసేను అంతవరకూ బిగబట్టిన ఊపిరి బుస్సున వదిలాడు. ఆ కాలివేలి వల్ల తగ్గిందా అంటే నేను చెప్పలేను. ఊపిరి వదిలితే బిగిసిన కండ కొంత సడలుతుంది. అంతవరకే నాకు తెలుసు.

"తగ్గిందే!" అంటూ లేచి కూర్చున్నాడు. కూర్చున్నవాడి చెయ్యి సరాసరి గోడకున్న విల్లు మీదికి పోయింది. అతనికన్నా ముందు నేను అందుకున్నాను.

"కోటమ్మా, అదిటివ్వు."

"ఇవ్వను. నిన్న కూడా ఇలాగే తగ్గింది."

"అదంతా ఊరివాళ్ళ దూది. ఎవరు ఏకుతారు, నువ్వా?"

నేను విల్లు పట్టుకుని కంప దగ్గరికి వెళ్ళాను. సైదులు అవతల భార్య కోసం నిలబడి ఉన్నాడు.

"ఇంద, పట్టుకో."

"అది మా నాన్న విల్లు!" అని లోపలి నుంచి అరిచాడు హుసేను. ఆ అరుపుకి నడుం కలుక్కుమని మళ్ళీ బల్ల మీద ఒరిగిపోయాడు.

"సైదులికి మాత్రం నాన్న కాడా?" అన్నాను.

సైదులు చెయ్యి చాపలేదు. "మా అన్న ఇస్తే తీసుకుంటా. నువ్విస్తే తీసుకోను" అన్నాడు.

హుసేను గోడవైపు తిరిగి పడుకున్నాడు. విల్లు కంపకి ఆనించి, పక్కన ఒక గోతం పెట్టించి, "ఇక బల్ల దిగితే నన్ను పిలవకండి" అని చెప్పి, మిగిలిన ఆముదం సీసాలో పోయించి ఇంటికి వచ్చేశాను.

ఆ తర్వాత ఎన్నో నడుములు చూశాను. కళ్ళంలో వంగిన నడుములు, బస్తాలు మోసిన నడుములు. అప్పటినుంచి నూనె వెచ్చబెట్టేముందు ఒక ప్రశ్న అడగడం అలవాటు చేసుకున్నాను: ఈ మనిషి పడుకుంటే ఇతని పని ఎవరు చేస్తారు? దానికి జవాబు లేని ఇంట్లో ఎంత ఆముదం పోసినా దండగే.

విల్లు కంపకి ఆనించి వచ్చిన మర్నాడు పొద్దున్న నేను ఆ వీధి మలుపు తిరిగేసరికి విల్లు మోగుతోంది. మళ్ళీ లేచాడని ఒళ్ళు మండి, తిట్టడానికి సిద్ధమై గుమ్మం ఎక్కాను. హుసేను బల్ల మీదే ఉన్నాడు. చప్పుడు కంప అవతలి నుంచి వస్తోంది. "రాత్రి నా చేతే కబురు చెప్పించాడు, తీసుకోమని" అంది మస్తానమ్మ.

"గడ్డకడుతోంది. నారి మీద మెల్లగా కొట్టమని చెప్పు వాడికి" అన్నాడు భార్యతో.

మస్తానమ్మ ఆ మాట కంప మీదుగా కేకేసింది.

"మెల్లగానే కొడుతున్నానని చెప్పు వదినా" అని జవాబొచ్చింది.

హుసేను బోర్లా తిరిగాడు. మస్తానమ్మ అరచేతిలో ఆముదం పోసుకుంది.