డీజిల్ ఇంజనుకు ప్లగ్గు

ఎనభైల నాటి మాట. రేపల్లె నుంచి తెనాలి వెళ్లే ప్యాసింజరులో, ఎదురుసీటు పెద్దాయన నా చేతిలోని స్పార్క్ ప్లగ్గు చూసి, "దేనిదమ్మా అది?" అని అడిగాడు. ఆయన గోళ్ల సందుల్లో ఇంజనాయిలు నలుపు ఉంది.

"మా చేలో నీళ్లు తోడే డీజిల్ ఇంజనుదండి. కొన్న రెండు రోజులకే ఆగిపోయింది. ఇది మారిస్తే చాలన్నారు."

డీజిల్‌దని చెప్పి ఆ ఇంజను నాకు అమ్మింది మా అన్నయ్య. ఆగిపోయాక ప్లగ్గు విప్పి నా చేతిలో పెట్టిందీ తనే. అన్నయ్య చెప్పాక ఇంకెవరినైనా అడగాలని నాకు తోచలేదు.

పెద్దాయన ప్లగ్గును వెలుతురులో తిప్పి చూశాడు.

"డీజిల్ ఇంజనుకి అసలు ప్లగ్గే ఉండదమ్మా. లోపల గాలిని గట్టిగా నొక్కితే ఆ వేడికే డీజిల్ అంటుకుంటుంది. నిప్పురవ్వ కావాల్సింది పెట్రోలుకీ, కిరసనాయిలుకీ. నీది కిరసనాయిలు ఇంజను. అందులో డీజిల్ పోస్తే ఆగిపోక ఏం చేస్తుంది?"

ఆయన ప్లగ్గును తన తువ్వాలుతో తుడిచి, మెల్లగా నా చేతిలో పెట్టాడు.

"అమ్మినవాళ్లు తెలిసినవాళ్లేనా అమ్మా?"

"కాదండి. ఎవరో బయటివాళ్లు."

అన్నయ్య పరువు కోసమే ఆ అబద్ధం ఆడాను. తెనాలిలో దిగేసరికి అది అబద్ధంలా అనిపించలేదు.