వర్లీన్ అత్త బొటనవేలు

మా వర్లీన్ అత్త చేపల ఫ్యాక్టరీలో చేపలు కోసేది. ఆదివారం మాత్రం తెల్ల చేతితొడుగులు వేసుకుని, మా బాప్టిస్టు చర్చి గుమ్మంలో నిలబడి వచ్చినవాళ్ళను వరుసల్లో కూర్చోబెట్టేది. ఆమె కళ్ళెర్రజేస్తే అమెరికా దక్షిణాన మా మిసిసిపీ డెల్టాలో ఎంత పెంకిపిల్లాడైనా నోరు మూసుకోవాల్సిందే.

ఆమె కుడిచేతి బొటనవేలి గోరు మీద పొడుగ్గా ఒక నల్లగీత వచ్చింది. ఊళ్ళో డాక్టరుకు చూపిస్తే, "మీ నల్లవాళ్ళ గోళ్ళకి ఇలాంటివి మామూలేనమ్మా" అన్నాడు. అదీ నిజమే, మాలో చాలామందికి ఉంటాయి. మళ్ళీ వెళ్తే, తడిలో నానే చెయ్యి కదా అని పూతమందు ఇచ్చాడు.

"క్యాన్సరేమో అత్తా?" అన్నాను నేను.

అత్త పకపకా నవ్వింది. "చర్మం క్యాన్సరా? అది ఎండలో పడుకుని ఒళ్ళు కాల్చుకునే తెల్లదొరసానుల రోగమే పిల్లా! మనల్ని దేవుడు ముందే మాడ్చి పంపాడుగా."

గీత వెడల్పయింది. నలుపు గోరు దాటి చర్మం మీదికి పాకింది. ఒకరోజు మా ఇంట్లో ఆకుకూర కడుగుతూ అత్త చెయ్యి అలాగే ఆపేసింది.

"ఈ రంగు నేనెరుగుదును."

"ఎక్కడ చూశావ్?"

"మీ నాన్న మడమ మీద."

మా నాన్న ఆర్థెల్ అప్పటికి చనిపోయి నాలుగేళ్ళు. ఆయనకు షుగర్ ఉండేది. మడమ మీద పుండు లేస్తే షుగర్ పుండేనన్నారు అందరూ. రోజూ కట్టు మార్చింది ఆయన అక్క, మా వర్లీన్ అత్తే. కాలు ఈడ్చుకుంటూ తిరిగి తిరిగి చివరికి ఊపిరాడక పోయాడు.

ఆయన పోయిననాటి నుంచి అత్తకు మా ఇంట్లో ఆ కాలి ఈడ్పు వినపడేది. "నిన్న కూడా మీ నాన్న వంటింట్లో తిరిగాడే" అనేది. నేను విసుక్కునేదాన్ని. నాకూ వినపడుతోందని మాత్రం చెప్పలేదు.

చర్మం డాక్టరంటే జాక్సన్ నగరం వెళ్ళాలి. ఫోన్ చేస్తే అయిదు నెలల తర్వాత రమ్మన్నారు.

"అప్పటికి నేనుంటానా తల్లీ?" అని అత్త ఫోన్ పెట్టేసి, మర్నాడు నన్ను వెంటబెట్టుకుని పిలవకుండానే వెళ్ళి కూర్చుంది. గోడల నిండా రకరకాల మచ్చల బొమ్మలు, అన్నీ తెల్లచర్మం మీదే. "వీటిలో మన చెయ్యేదే?" అంది నా చెవిలో.

సాయంత్రానికి ఒక డాక్టరమ్మ చూసి, ముక్క తీసి పరీక్షకు పంపింది. క్యాన్సరే. బొటనవేలు తీసేశారు.

"మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలాంటిది వచ్చిందా?" అని అడిగింది డాక్టరమ్మ తర్వాత.

అత్త తమ్ముడి పుండు గురించి చెప్పింది. వంకరటింకర అంచులు, చుట్టూ సిరా ఒలికినట్టు నలుపు. డాక్టరమ్మ కలం కింద పెట్టింది. "ఎవరైనా ముక్క తీసి చూశారా?"

"షుగరన్నారమ్మా."

"ఇప్పుడిక తెలుసుకోలేం. నన్ను క్షమించండి" అంది, తన తప్పేమీ లేకపోయినా.

తిరుగుదారిలో అత్త అంది, "నా చేత్తోనే కట్టు కట్టానే. అది రోజూ నా మొహంలోకి చూస్తూనే ఉంది."

మా చర్చిలో ఏడాదికోసారి ఒకరి పాదాలు ఒకరు కడుగుతారు. ఆ ఏడు అత్త కడిగి ఊరుకోలేదు. ప్రతి అరికాలూ పైకెత్తి, వేళ్ళ సందులు విడదీసి మరీ చూసింది.

"వర్లీనూ, కాళ్ళు కడుగుతున్నావా, గుర్రాన్ని బేరమాడుతున్నావా?" అన్నాడు ఒక పెద్దాయన.

"నోరు మూసుకుని రెండోది కూడా ఇవ్వు."

చర్చిలో పాటలు పాడే ఐడాబెల్ అరికాలు దగ్గర అత్త ఆగిపోయింది.

"ఇదెప్పట్నుంచే?"

"పుట్టుమచ్చేలే వదినా."

"ఎప్పట్నుంచని అడిగాను."

"...పోయిన వేసవి నుంచి."

మర్నాడే ఆమెను జాక్సన్ తీసుకెళ్ళాం. అదీ అదే రోగం, పాకకముందే తీసేశారు. ఐడాబెల్ ఇప్పటికీ పాడుతోంది. అత్త రోగం మాత్రం ఊపిరితిత్తుల్లోకి పాకి, రెండేళ్ళకు ఆమెను తీసుకుపోయింది.

ఇప్పుడు జనం మా వసారాలో కూర్చుని చెప్పులు విప్పి నాకు పాదాలు చూపిస్తారు. నాకేం తెలుసు? జాక్సన్ వెళ్ళమంటాను. కొందరు వెళ్తారు. పాస్టరుగారి భార్య మడమ మీది మచ్చ చూసి ఈస్టరప్పుడే చెప్పాను. ఆమె ఇంకా వెళ్ళలేదు.