అవ్వ ఇచ్చిన సజ్జలు

ఇప్పుడు అందరూ సజ్జల్ని మిల్లెట్లంటూ ప్యాకెట్లలో కొనుక్కొచ్చి, ఆరోగ్యానికి మంచివని నాకే పాఠం చెబుతుంటారు. నాకు కావాల్సింది ఆరోగ్యం కాదు, ఉదయగిరి పక్క మా మెట్టచేలో పండిన సజ్జ వాసన.

విత్తనం కొనడం మాకు తెలీదు. కోతకు ముందే అవ్వ చేనంతా తిరిగి మంచి కంకులు ఏరి, గింజలు రాల్చి, బూడిద కలిపి కుండకెత్తేది. అడిగినవాళ్లకు ఊరికే ఇచ్చేది. మన విత్తనం చెడిపోయిన ఏడు వాళ్లే మనకిస్తారనేది.

తొంభైల్లో ఒక ఏడు నాయన వింజమూరు నుంచి హైబ్రిడ్ సజ్జలు తెచ్చాడు. పంట విరగకాసింది. ఆ సంబరంలో అవ్వ పాత విత్తనమంతా దుత్తలూరు దగ్గరుండే తాత చెల్లెలికి ఇచ్చేసి, కొత్త కంకులతో కుండ నింపింది. పాస్టరుగారితో ప్రార్థన కూడా చేయించింది. మరుసటి ఏడు అవి విత్తితే ఒక మొక్క మోకాలెత్తు, ఒకటి మనిషెత్తు, కంకుల్లో సగం తాలు. హైబ్రిడ్‌కి ఏటా కొత్త సంచి కొనాల్సిందేనన్నాడు అంగడాయన.

"మళ్లా విత్తను పనికిరానిది గింజేందిరా?" అని అవ్వ నాయన మీద విరుచుకుపడింది.

అప్పటికే ఊళ్లో అందరూ హైబ్రిడ్‌కి మారిపోయారు; పాత విత్తనం తాత చెల్లెల్ని అడిగి తెద్దామని, ఆత్మకూరు కాలేజీ నుంచి సెలవులకొచ్చిన నన్ను వెంటేసుకుని దుత్తలూరు బస్సెక్కింది. ఇంటికొచ్చినవాళ్లు తిన్నాకే వచ్చిన పని చెప్పాలనేది మావాళ్ల పద్ధతి. నాకు ఇలాంటి మర్యాదలంటే ఒళ్లుమంట. అరుగు మీద కూర్చుని అడిగేయబోతే అవ్వ నా మోచెయ్యి గిల్లింది. లోపల తిరగలి తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది.

సజ్జ సంగటి, ఎండుచేపల పులుసు పెట్టారు. ఎన్నాళ్లకో ఆ వాసన. అవ్వ మారు వడ్డించుకుంది. నేనూ అంతే.

"నువ్విచ్చిన గింజలే వదినా," అంది తాత చెల్లెలు. "మావాళ్లు బియ్యానికి మరిగినారు. చేలో అంతా పొద్దుతిరుగుడే ఏసినారు. పురుగు తినంగా మిగిలింది నీకోసమని దాచినాను. ఈ పొద్దు నువ్వొచ్చినావని కుండ దులిపి మొత్తం తిరగలిలో విసిరినాను."

అవ్వ చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. తర్వాత మెల్లిగా ఆ ముద్ద కూడా తినేసింది.

చేతులు కడుక్కున్నాక తాత చెల్లెలే అడిగింది. "ఏంది వదినా, పని మీద వచ్చినట్టుండావే?"

"పనేముండాది. నీ చేతి సంగటి తినిపోదామని వచ్చినాను."

తిరుగు బస్సులో అవ్వ విత్తనానికని తెచ్చిన గుడ్డసంచిని మడిచి నడుముకి దోపుకుంది. నాకు ఏడుపొచ్చింది. నోట్లో ఆ రుచి ఇంకా పోలేదు.