కిందికి దించి చూడని కుక్క

2005లో నేను రేపల్లెలో పశువుల డాక్టర్ని. ఇల్లు తెనాల్లో. పొద్దున ప్యాసింజరెక్కి రేపల్లె చేరడం, సాయంత్రం మళ్ళీ ప్యాసింజర్లోనే వెనక్కి రావడం. అంతకుముందు నాలుగేళ్ళు బాపట్ల చుట్టుపక్కల పనిచేశాను. ఆడడాక్టరని రైతులు మొదట్లో తెగ సందేహించేవాళ్ళు. "గేదెకి కాన్పు చేయడం ఈవిడ వల్ల అవుద్దా?" అని నా ఎదురుగానే అనుకునేవాళ్ళు. అవుద్దని చూపించాను. భుజందాకా చెయ్యి పెట్టి, అడ్డం తిరిగిన దూడని సరిచేసి బయటికి లాగినదాన్ని. దాంతో నాకు 'గేదెల డాక్టరమ్మ' అని పేరొచ్చింది. ఆ పేరు చూసుకుని నాకు బోలెడంత పొగరు. ఆ పొగరు గురించే ఇదంతా రాస్తున్నాను.

కుక్కలు మా ఆస్పత్రికి తక్కువే వచ్చేవి. వచ్చినవాటిని నేను పెద్దగా పట్టించుకునేదాన్ని కాదు. బయట పది గేదెలు నిలబడి ఉండగా ఒకాయన కుక్కని చంటిపిల్లలా ఎత్తుకొస్తే, లోపల్లోపల విసుక్కునేదాన్ని. ఆ ఏడాది వానాకాలంలో సుభానిగారు అలాగే వచ్చారు.

సుభానిగారు బజార్లో టైలరు. యాభై దాటిన మనిషి, సన్నగా ఉంటారు, మెడలో టేపు వేసుకునే తిరుగుతారు. చేతుల్లో గోధుమరంగు నాటుకుక్క. పదమూడేళ్ళది. మూతంతా నెరిసిపోయింది. పేరు టైగర్.

"రాత్రుళ్ళు ఏడుస్తందండి డాక్టరమ్మగారూ," అన్నారు. "నెల నుంచీ ఇదే గోల. షాపులో పడుకుంటది, కాపలాకి. పైన కాంప్లెక్సు ఓనరుగారి కుటుంబం ఉంటారు. వాళ్ళ నాన్నగారికి ఒంట్లో బాగోదు. కుక్క ఏడిస్తే మంచిది కాదంట కదండీ, ఆయనకేమన్నా అవుద్దని వాళ్ళకి భయం. కుక్కనన్నా పంపించెయ్యి, షాపన్నా ఖాళీ చెయ్యి అంటన్నారు."

"బల్ల మీద పెట్టండి," అన్నాను.

పెట్టారు. కళ్ళు చూశాను, పొరలు కమ్ముతున్నాయి. పళ్ళు సగం లేవు. జ్వరం లేదు. పొట్ట నొక్కి చూశాను, ఏమీ తగల్లేదు. హిస్టరీ అంటాం మేము, అంటే జబ్బు ఎప్పుడు మొదలైంది, ఎలా మొదలైంది అని యజమాని చెప్పే కథ. నోరులేని జీవాలకి సగం వైద్యం అందులోనే ఉంటుంది. సుభానిగారు ఆ కథ చెప్పబోయారు కూడా.

"పగలు షాపు ముందు మట్టిలో పడుకుంటదండీ, అక్కడసలు కిక్కురుమనదు. లోపల పెడితేనే..."

"నేనడిగింది చెప్పండి చాలు," అన్నాను. "తిండి తింటోందా?"

"తింటందండి."

అయిపోయింది. ఆ 'లోపల పెడితేనే' అన్న మాట దగ్గర ఆగి ఉంటే ఈ అనుభవం రాయాల్సిన అవసరమే ఉండేది కాదు. ఆ రోజుల్లోనే ఒక పత్రికలో కాగ్నిటివ్ డిస్‌ఫంక్షన్ గురించి చదివాను. ముసలి కుక్కలకి మనుషుల్లాగే మతి తప్పుతుంది, రాత్రీ పగలూ తేడా తెలియక అరుస్తాయి, ఏడుస్తాయి. కొత్తగా చదివిన జబ్బు కదా, ఎక్కడ వాడదామా అని చూస్తున్నాను. సుభానిగారికి పెద్ద ఉపన్యాసమిచ్చి, రాత్రి పూట వెయ్యమని సెడేటివ్ రాసిచ్చాను. సెడేటివ్ అంటే మత్తు కలిగించి నిద్రపుచ్చే మందు.

వారం తర్వాత మళ్ళీ వచ్చారు. ఏడుపు తగ్గలేదన్నారు. డోసు పెంచాను. ఇంకో రెండు వారాలకి మళ్ళీ వచ్చారు. ఈసారి చెప్పడానికే మొహమాటపడ్డారు.

"షాపులో తడిపేస్తందండి. ఇన్నేళ్ళలో ఎప్పుడూ చెయ్యలేదు. పిల్లప్పుడు ఒక్కసారి ఎవరిదో జాకెట్టు గుడ్డ మీద పోసింది. అంతే, కోప్పడ్డాను. ఆనాటి నుంచీ షాపులో చుక్క పోసిన కుక్క కాదు. ఇప్పుడు అందులోనే పడి ఉంటంది. పొద్దున్నే నేను గచ్చంతా మూడుసార్లు కడుక్కుని, స్నానం చేసి నమాజుకి పోతన్నా. అయినా ఏడుపు మానలేదండి."

అది మందు వల్ల కూడా అయ్యుంటుందని నాకు తోచలేదా? తోచింది. కానీ ఒప్పుకుంటే నా మందు తప్పని ఒప్పుకున్నట్టే కదా. "ముసలితనం ముదిరిందండీ, ఇక ఇంతే," అన్నాను. ఆయన బల్ల అంచు పట్టుకుని నిలబడ్డారు.

"ఈ నెలాఖరుకి తేల్చుకోమన్నారండి పైవాళ్ళు. చేపల వ్యానెక్కించి నిజాంపట్నం వైపు వదిలేసి రమ్మంటన్నారు బజార్లోవాళ్ళు. నాకు మనసొప్పట్లేదు."

అప్పుడన్నాను ఆ మాట. ఆయన అడగలేదు. నేనే అన్నాను. "ఎక్కడో వదిలేసి ఆకలితో చంపడం కన్నా ఇంజెక్షనుతో పంపేయడం నయం. యుథనేషియా అంటారు. మత్తుమందు ఎక్కువిస్తాం. నొప్పి తెలియకుండా పోతుంది."

ఆయన టైగర్ చెవులు సవరించారు. "మీరు చెప్తే సరేనండి," అన్నారు. "శుక్రవారం షాపు మూసేస్తాను. నమాజు అయ్యాక మీరే వస్తారా? ఇక్కడికి ఎత్తుకు రావడం నా వల్ల కాదు." వస్తానన్నాను.

శుక్రవారం మధ్యాహ్నం సంచిలో సిరంజి, మందు పెట్టుకుని వెళ్ళాను. కొత్త కాంప్లెక్సు, మూడు మెట్లెక్కితే షాపు. లోపల అద్దంలా మెరిసిపోతున్న తెల్ల టైల్స్. టైగర్ మిషను పక్కన గోడకానుకుని పడుకుని ఉంది. సుభానిగారు దాని పక్కనే కింద కూర్చుని అన్నంలో పాలు కలిపి తినిపిస్తున్నారు. "తినేదాకా ఆగుతారా?" అన్నారు. సరేనని బయటికొచ్చాను.

పైనుంచి పిలుపు వినిపించింది. "డాక్టరమ్మా! ఒకసారి పైకి రా తల్లీ."

మెట్ల పైన బాల్కనీలో కుర్చీలో ఒక పెద్దాయన కూర్చుని ఉన్నారు. ఎవరి ప్రాణం మీద భయంతో ఇంత గోల జరుగుతోందో ఆయనే. ఎనభై ఏళ్ళుంటాయి. తుంటి విరిగి, అతికినా సరిగ్గా నడవలేకపోతున్నారు. వెళ్ళి నమస్కారం పెట్టాను.

"కుక్కని చంపడానికొచ్చావంట గదా?"

"ముసలిదైపోయిందండీ బాబాయిగారూ. మీకు నిద్ర కూడా చెడగొడుతోందని..."

"నా పేరు చెప్పి దాని ప్రాణం తీస్తారా? నన్ను తీసుకెళ్ళడానికి యముడికి కుక్క రికమండేషన్ కావాలంటా?" అని నవ్వారు. తర్వాత నవ్వు ఆపి అన్నారు, "అది ఏడవట్లేదమ్మా. లేపమంటోంది."

నాకు అర్థం కాలేదు.

"దాని నెత్తి మీదే నా మంచం. నాకంతా వినపడుద్ది. ముందు గోళ్ళ చప్పుడొస్తది, టకటకమని జారుతూ. కాసేపటికి దబ్బున పడ్డ చప్పుడు. ఆ తర్వాత మూలుగు. మళ్ళీ గోళ్ళ చప్పుడు. లేవాలని చూస్తంది, కాళ్ళు నిలవట్లా. ఒంటేలుకి పోవాలి దానికి. షాపులో పొయ్యదు కదా, మర్యాద తెలిసిన కుక్క."

"మీకెలా..."

"నాకెలా తెలుసంటావా? నేనూ అంతేగా. మంచం పట్టె పట్టుకుని లేవబోతా, లేవలేను. అమ్మాయ్ అని పిలుస్తా. నాన్న మూలుగుతున్నాడంటారు. మాత్రేసి పడుకోబెడతారు. లేపితే చాలని ఎవరికీ తట్టదు." ఆ మాట ఎవర్నీ నిష్ఠూరంగా అనలేదు. ఎండ వస్తోంది కుర్చీ జరపమన్నంత మామూలుగా అన్నారు. అంటూ నా సంచి వైపు చూశారు. "నువ్వు దానికిచ్చిన మందూ అదేనా?"

అదే. పేరే వేరు. నాకు తల తీసేసినట్టయింది.

ఇక్కడ నా వృత్తి గురించి ఒక్క మాట చెప్పాలి. గేదె జబ్బు పడిందంటే మేము చేసే మొట్టమొదటి పని దాన్ని లేపడం. ఎలా లేస్తోంది, ఏ కాలు మీద బరువు మోపుతోంది, నాలుగడుగులు ఎలా వేస్తోంది అని చూడకుండా సూది పట్టుకోం. చదువుకునేటప్పుడు మాకు నూరిపోసింది ఇదే. చుండూరు నుంచి నిజాంపట్నం దాకా ఎంతమంది రైతుల్ని "ముందు లేపవయ్యా!" అని కసిరానో లెక్కలేదు. అదే నేను, ఎత్తుకొచ్చిన కుక్కని బల్ల మీద పెట్టించి, బల్ల మీదే చూసి, మళ్ళీ చేతుల్లోకి ఇచ్చి పంపేశాను. ఒకసారి కాదు, మూడుసార్లు. కుక్కే కదా అని. నా బుద్ధి గడ్డి తింది, అంతే.

కిందికి వచ్చాను. "సుభానిగారూ, నాకో అనుమానం వచ్చింది," అన్నాను. ఆ 'నాకో' అన్న అబద్ధం అంత తేలిగ్గా ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలియదు. "దాన్ని పిలవండి. ఎత్తకండి."

ఆయన నాలుగడుగులు వెనక్కి వెళ్ళి పిలిచారు. టైగర్ తోక కదిలింది. ముందుకాళ్ళ మీద నిలదొక్కుకుంది. వెనక కాళ్ళు రెండూ చెరోవైపుకి జారిపోయాయి. మళ్ళీ ప్రయత్నించింది. గోళ్ళు టకటకమన్నాయి, దబ్బున పడింది. అప్పుడు మా ఇద్దరి వైపూ చూసి ఏడ్చింది. ఆ ఏడుపు నేను వినడం అదే మొదటిసారి. ఒక్కసారీ వినకుండానే దానికి పేరు పెట్టి, మందు రాసి, చావు కూడా ఖాయం చేశాను.

"బయట మట్టిలో దించండి," అన్నాను.

దించారు. కాసేపు కూర్చుంది. తర్వాత నెమ్మదిగా, వణుకుతూ, తనంతట తనే లేచింది. కుంటుకుంటూ కరెంటు స్తంభం దాకా వెళ్ళి, కాలెత్తలేక వంగి, ఎంతసేపు పోసిందో. సుభానిగారు టేపు అంచుతో కళ్ళు తుడుచుకున్నారు.

"పాత షాపులో సిమెంటు గచ్చండి. కింద గుడ్డపీలికలుండేయి," అన్నారు మెల్లగా. "ఇక్కడికి మారి మూడు నెలలు. మెట్లెక్కలేకపోతందని నేనే ఎత్తుకుని లోపల పెడతన్నా, పొద్దున్నే ఎత్తుకుని బయట పెడతన్నా. లోపల నడవడం నేనసలు చూడనే లేదు. పాపిష్టోణ్ణి."

పాపం ఆయనది కాదు. ఆయన ప్రేమకొద్దీ ఎత్తుకున్నారు. చూడటానికి జీతం తీసుకుంటున్నది నేను. వెనక తుంట్లు అప్పుడు పట్టి చూశాను, రెండు కీళ్ళూ బిగుసుకుపోయి ఉన్నాయి. ఆర్థ్రైటిస్, మామూలు మాటల్లో కీళ్ళవాతం. పక్కకి తిప్పితే తుంటి మీద పుండు కూడా కనిపించింది. మత్తులో తడిలో పడి ఉండటం వల్ల వచ్చింది. అది పూర్తిగా నా చేతిచలవ.

మత్తుమందు ఆపించి, నొప్పికి మందిచ్చాను, పుండు కడిగి కట్టు కట్టాను. కాళ్ళు జారకుండా టైల్స్ మీద ఏదైనా పట్టా పరచమని, పైన బాల్కనీలోకి కూడా వినపడేలా గట్టిగా చెప్పాను. సుభానిగారు ఆ సాయంత్రమే గోనెసంచులు కోసి, లావు సూదితో మిషను మీద కలిపి కుట్టి, మిషను దగ్గర్నుంచి షట్టరు దాకా పట్టా పరిచారు. రాత్రి షాపు కట్టేముందు ఒకసారి, తెల్లవారుజామున మసీదుకి వెళుతూ ఒకసారి టైగర్‌ని మట్టిలోకి దించడం మొదలుపెట్టారు. వారం తిరక్కుండా ఏడుపు ఆగింది. ఖాళీ చెయ్యమన్న మాట మళ్ళీ రాలేదు. టైగర్ ఆ గోనెపట్టా మీద ఇంకో ఏడాదికి పైగా బతికింది.

బజారంతా నా పేరు మోగిపోయింది. "డాక్టరమ్మగారు ఒక్కసారి చూసి పట్టేశారండి!" అని సుభానిగారు కనపడ్డ ప్రతివాళ్ళకీ చెప్పారు. నాకో జాకెట్టు కుట్టి, వద్దన్నా చేతిలో పెట్టి వెళ్ళారు. కుట్టు బ్రహ్మాండంగా కుదిరింది. ఒక్కసారే వేసుకున్నాను, రోజంతా ఒంటికి ముళ్ళు గుచ్చుకున్నట్టే ఉంది. నేను పట్టలేదని, పైనున్న పెద్దాయన పట్టారని ఆయనకి చెప్పలేదు. చెబుదామనుకున్న ప్రతిసారీ ఇంకో మాటలోకి దిగిపోయేదాన్ని.

అయినా నా అసలు సిగ్గు అది కాదు.

ఆ శుక్రవారం నేను వెళ్ళిపోతుంటే పెద్దాయన బాల్కనీలోంచి కేకేశారు. "మీ సుభానీని నాక్కూడా ఒక పట్టా కుట్టమను తల్లీ!" నేను నవ్వాను. చెయ్యి ఊపి, నవ్వుతూ బండి టైమయిందని స్టేషనుకి నడిచాను. ఆ మనిషి సాయం అడుగుతున్నాడని ఆ నిమిషాన నాకు తెలుసు. కానీ నేను పశువుల డాక్టర్ని, మనుషుల మందుల సంగతి నాకెందుకు, వాళ్ళింట్లో వాళ్ళేమనుకుంటారో అని సర్దిచెప్పుకున్నాను. కుక్క ఏడుపు అర్థమైన గంటకే మనిషి మాట విననట్టు నటించాను.

పది రోజుల తర్వాత టైగర్ కట్టు మార్చడానికి వెళ్ళినప్పుడు మనసొప్పక పైకి వెళ్ళాను. పెద్దాయన కోడలు సుజాత తలుపు తీసింది. వంటింట్లోనే నిలబడి మెల్లగా చెప్పాను. "రాత్రి పిలిచేది మూలుగు కాదండీ. బాత్రూముకి లేపమని. మాత్ర ఇచ్చే డాక్టరుగారికి ఈ సంగతి చెప్పి, అవసరమా అని ఒకసారి అడగండి."

ఆమె గరిటె పక్కన పెట్టింది. "నొప్పి అనుకున్నామండి. నొప్పి ఎందుకు పడాలని వేస్తున్నాం. నేను మూడు గదుల అవతల పడుకుంటాను. మాకేం తెలుసు?" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆ రాత్రి నుంచే కొడుకు మంచం తండ్రి గదిలోకి మారిందని తర్వాత సుభానిగారు చెప్పారు.

వెళ్ళొస్తానని చెప్పడానికి బాల్కనీలోకి వెళ్ళాను. పెద్దాయన అంతా విన్నారు. కోపంగా లేరు. నా చెయ్యి పట్టుకుని అన్నారు, "ఇంత చిన్న మాట చెప్పడానికి పది రోజులు పట్టిందా తల్లీ?"

ఆ పది రాత్రులు ఆయన పట్టె పట్టుకుని పిలిచే ఉంటారు.

ఆ తర్వాత నా గదిలో బల్ల వాడకం తగ్గిపోయింది. ఎవరు ఏ జీవాన్ని ఎత్తుకొచ్చినా ముందు కింద పెట్టమంటాను, నేనూ కిందే కూర్చుంటాను. యజమాని మాట మధ్యలో ఆగితే, "ఆ, అలా చేస్తే ఏమవుతుందండీ?" అని నేనే అందిస్తాను. చాలామందికి ఇది నా ఓపిక అనిపిస్తుంది. అది ఓపిక కాదండీ, భయం.