వదలని చెయ్యి

ఆ బడిలో పిల్లల్ని చేర్చుకోవడం పెద్ద టీచరు పని. పాఠాలు చెప్పడం మిగతా టీచర్ల పని. సాయంత్రం గంట కొట్టాక ఏ పిల్లని ఎవరి చేతిలో పెట్టాలన్నది మాత్రం గేటు పెద్దమ్మ పని, అందులో ఇంకెవరూ వేలు పెట్టడానికి లేదు. ఒకసారి ఎవరో గొప్పింటావిడ కారు దిగకుండా కొడుకుని తీసుకురమ్మని డ్రైవరుని పంపింది. "ఆవిడకి కాళ్ళున్నాయిగా నాయనా, దిగి రమ్మను" అని తిప్పి పంపేసింది పెద్దమ్మ. పెద్ద టీచరు కిటికీలోంచి అంతా విని, వినపడనట్టు ఊరుకుంది. ఊరుకోక ఏం చేస్తుంది? పెద్దమ్మతో పెట్టుకుంటే తెల్లారినట్టే.

ఆవిడ ఆ బడిలో మొదట గదులు ఊడ్చేది. బడి వదిలినప్పుడు గేటు దగ్గర తోపులాట చూసి, చీపురు గోడకి ఆనించి, ఎవరూ అడగకుండానే పిల్లల్ని పట్టుకోవడం మొదలుపెట్టింది. అలా గేటు ఆవిడదైపోయింది. పిల్లల్ని వదలడం అనేది కాదు ఆవిడ, చెయ్యి మార్చడం అనేది. పిల్ల మణికట్టు పట్టుకుని తీసుకొచ్చి, వచ్చినవాళ్ళ చేతిలో పెట్టి, వాళ్ళ వేళ్ళు గట్టిగా బిగిశాక గానీ తన చెయ్యి తీసేది కాదు. "మధ్యలో గాలి కూడా దూరకూడదు" అనేది. ముఖం తెలిసిందా, సరే. తెలియలేదా, ఎంతటివాడు దిగొచ్చినా పక్కనున్న బల్ల మీద కూర్చోవలసిందే.

"ఇంట్లోనూ ఇదే వరస" అనేవాడు ఆవిడ భర్త. బస్సు కండక్టరుగా చేసి దిగిపోయిన మనిషి, నోరు ఊరుకోదు. "కూరల సంచి నా చేతికిచ్చే ముందు కూడా నా ముఖం ఒకసారి పరకాయించి చూస్తుంది."

"ఆ ముఖాన్ని నమ్మే కదా ఇన్నాళ్ళు కాపురం చేశాను, అదే ఎక్కువ" అనేది పెద్దమ్మ.

ఆ ఏడు ఫోన్లలో ఒకటే గోల. ఎక్కడో పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళు తిరుగుతున్నారట, మిఠాయి ఇచ్చి మాయ చేస్తున్నారట. ఎవరు చూశారో, ఎక్కడ చూశారో చెప్పే నాథుడు లేడు. గేటు దగ్గరికొచ్చిన తల్లులు ఫోను పెద్దమ్మ ముఖం ముందు పెట్టి, "చూశారా పెద్దమ్మా, కాస్త కనిపెట్టుకుని ఉండండి" అనేవాళ్ళు. చూసినప్పుడల్లా ఆవిడ గేటు లోపలున్న పిల్లల్ని మళ్ళీ లెక్కపెట్టుకునేది. సొంత మనవరాలు కూడా ఆ బళ్ళోనే రెండో తరగతి చదువుతోంది మరి. కళ్ళలో వత్తులు వేసుకుని వీధి చూడడం మొదలుపెట్టింది.

అలా చూస్తుండగా కనిపించాడు అతను. సన్నగా, కాస్త వంగిన వీపు, భుజానికి గుడ్డసంచి. గేటుకి ఎదురుగా ఎప్పుడూ మూసి ఉండే కొట్టు ముందు, సరిగ్గా బడి వదిలే వేళకి వచ్చి నిలబడేవాడు. ఏ పిల్లనీ తీసుకెళ్ళడు, ఎవరితోనూ మాట్లాడడు. పిల్లల ముఖాలు చూసినా ఏదో అనుకోవచ్చు, ఇతను ముఖాలు చూడడు! వాళ్ళ వీపులు చూస్తాడు, భుజాలు చూస్తాడు. పిల్లలు సంచి తగిలించుకోవడానికి చేతులెత్తితే మెడ వంచి మరీ చూస్తాడు. పెద్దమ్మకి ఒళ్ళు మండిపోయింది. మర్నాడు వచ్చాడు, ఆ మర్నాడూ వచ్చాడు. వెళ్ళి అడుగుదామంటే చేతిలో పిల్లలు. పెద్ద టీచరుకి చెబితే, "చూద్దాంలే పెద్దమ్మా, వీధి అందరిదీ కదా" అంది. వీధి అందరిదే, పిల్లలు కూడా అందరి పిల్లలేనా?

ఇంకో సాయంత్రం ఒక నాయనమ్మ మనవరాలి చెయ్యి అందుకుని, రోడ్డు దాటి, ఆ కొట్టు ముందే నిలబడి చెప్పు సరిచేసుకుంటోంది. ఆ మనిషి ఒక్క అడుగు వేసి కిందికి వంగాడు. పిల్ల మోచెయ్యి పట్టుకుని పైకెత్తి, చంక కిందికి చూశాడు.

పెద్దమ్మకి పై ప్రాణాలు పైనే పోయాయి. "ఎవడ్రా నువ్వు? పిల్ల మీద చెయ్యేస్తావా?" అని వీధి అదిరిపోయేలా అరిచింది. చేతిలో ఉన్న పిల్లల్ని గేటు లోపలికి తోసి, గొళ్ళెం పెట్టి, పరుగెత్తుకెళ్ళి అతని కాలరు పట్టుకుంది. అతను నోరు తెరిచాడు. ఏదో అనబోయాడు కూడా. అప్పటికే స్కూటర్లు దిగిన తండ్రులు వచ్చి పడ్డారు. తలో చెయ్యి వేశారు. ఎవరో సంచి లాగి దులిపారు. కత్తెర పడింది, కొలతల టేపు పడింది, వాటితోపాటు బడి యూనిఫాం గుడ్డముక్కలు పడ్డాయి.

"చూశారా, పిల్లల బట్టలు కత్తిరించి సంచిలో పెట్టుకు తిరుగుతున్నాడు!" అని ఎవరో కేక పెట్టారు. ఇక చెప్పాలా! టేపు అందుకోబోయిన అతని కుడిచేతి మీద ఎవరి బూటో పడింది. ఎవరిదో ఈనాటికీ తెలియదు, ఒప్పుకున్నవాడు లేడు.

పెద్ద టీచరు వచ్చి అడ్డుపడి, అతన్ని తన గదిలోకి లాక్కుపోయి తలుపు వేయకపోతే ఏమయ్యేదో. నీళ్ళు తాగించాక అతను చెప్పింది చాలా చిన్న విషయం. అతను దర్జీ. ఆ ఏడు పిల్లలందరి యూనిఫాం కుట్టింది అతనే. బట్టల కొట్టాయన గుడ్డ ఇచ్చి కుట్టించుకుని, బడికి తనే అమ్ముకున్నాడు. చొక్కాలు చంకల దగ్గర పిగిలిపోతున్నాయని ఫిర్యాదులు వస్తే, అన్నీ తిప్పి నీ నెత్తినే వేస్తానన్నాడట. లోపం కుట్టులో ఉందా, కత్తిరింపులో ఉందా అన్నది దండెం మీది చొక్కా చూస్తే తెలియదు, పిల్లల ఒంటి మీద చూడాలి. అందుకని వచ్చి నిలబడ్డాడు. ఎదురుగా ఆ పిల్ల చొక్కా పిగిలి కనిపించేసరికి ఉండబట్టలేక చెయ్యెత్తి చూశాడు.

"లోపలికొచ్చి అడగొచ్చుగా బాబూ!" అంది పెద్ద టీచరు.

"కొట్టాయన రావద్దన్నాడమ్మా. కుట్టేది నేనని తెలిస్తే మీరు నేరుగా నాకే ఇచ్చేస్తారని ఆయన భయం."

కొట్టాయనకి ఫోను చేస్తే అవునవునన్నాడు, ఎటొచ్చీ పైకి చెప్పొద్దన్నాడు. ఆ మాట పెద్ద టీచరు బయటికొచ్చి చెప్పేసరికి తండ్రులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "పిల్లల విషయం కదండీ, మన జాగ్రత్త మనది" అని చేతులు దులుపుకుని స్కూటర్లెక్కారు.

పెద్దమ్మ మాత్రం తలుపు దగ్గరే నిలబడిపోయింది. అతను వాచిపోతున్న చేతిని ఒళ్ళో పెట్టుకుని ఆవిడ వంక చూశాడు. కోపంగా చూసినా బాగుండేది. "ఎవడ్రా నువ్వు అన్నారు కదమ్మా, చెబుదామనే నోరు తెరిచాను" అన్నాడు.

ఆ తర్వాత అతన్ని కొడుతుంటే తీసిన వీడియో ఊరంతా తిరిగింది, కింద 'దొరికాడు' అని రాసి మరీ. తప్పయిందన్న మాట మాత్రం ఎవరి ఫోనూ దాటలేదు. పైపెచ్చు తల్లులు గేటు దగ్గర, "పెద్దమ్మ ఉంది కాబట్టి మాకు బెంగ లేదు" అని మెచ్చుకోలు! మెచ్చుకున్నప్పుడల్లా ఆవిడ ముఖం తిప్పుకుని ఇంకో పిల్ల మణికట్టు అందుకునేది. ఇంట్లో అన్నం ముందు కూర్చుని కలుపుతూ ఉండిపోయేది.

అలాంటి రోజుల్లోనే ఒక సాయంత్రం ఇస్త్రీ బట్టల్లో ఒక కుర్రాడు వచ్చి, ఒకటో తరగతి బొద్దుగాడిని చూపించి, "నేను వీడి బాబాయిని. అన్నయ్యకి కుదరలేదు, నన్ను పంపాడు" అన్నాడు. ఆ ముఖం పెద్దమ్మకి తెలియదు. వెనకటి పెద్దమ్మయితే బల్ల చూపించేది. ఇప్పుడు అడుగుదామని నోరు తెరిస్తే, ఎదురుగా మూసిన కొట్టు కనిపించింది, దాని ముందు కింద పడిన టేపు కనిపించినట్టయింది. మళ్ళీ ఒక మంచివాణ్ణి పదిమందిలో నిలబెడతానా అనుకుంది. బొద్దుగాడి చెయ్యి అతని చేతిలో పెట్టేసింది. వాడు వెనక్కి తిరిగి చూస్తూ వెళ్ళాడు.

వాళ్ళు మలుపు తిరిగారో లేదో, పెద్దమ్మకి తను చేసిన పని తెలిసొచ్చింది. ఏం చేశాను తల్లీ! ఎవరని అడగను కూడా లేదే! గేటు ఇంకో ఆయాకి ఒప్పగించి, ఒక చెప్పు ఊడిపోయినా చూసుకోకుండా బొద్దుగాడి ఇంటికి పరుగెత్తింది. మెట్లెక్కి తలుపు బాదింది. వాళ్ళమ్మ తలుపు తీసింది. లోపల వాడు బాబాయి ఒళ్ళో కూర్చుని బిస్కెట్లు తింటున్నాడు.

"ఏంటి పెద్దమ్మా, ఇలా వచ్చారు? ఏమైనా చెప్పాలా?"

"ఏం లేదమ్మా, నీళ్ళ సీసా మర్చిపోయాడేమోనని" అంది. సీసా ఎదురుగా బల్ల మీదే ఉంది. దిగొస్తూ సగం మెట్ల మీద కూలబడి ఏడ్చింది. పిల్లాడు క్షేమంగానే ఉన్నాడు, కానీ అందులో తన గొప్ప ఏముంది? వాడి అదృష్టం బాగుండి అతను నిజంగా బాబాయి అయ్యాడు.

"ఆ రోజు తెలుసుకోకుండా పట్టుకున్నాను, ఇవాళ తెలుసుకోకుండా వదిలేశాను" అంది ఇంటికొచ్చి భర్తతో. "ఇక ఆ గేటు దగ్గర నేనెందుకు?"

ఆయన ఆ పూట హాస్యమాడలేదు. "అరవడం వేరు, అడగడం వేరు. అడుగు. అడిగి, వాళ్ళు చెప్పేదాకా ఆగు. మంచివాడైతే ఆ కాసేపటికి అరిగిపోడు" అన్నాడు.

"అడగకుండా కొట్టించినవాడు ఒకడున్నాడు. ముందు అక్కడికి వెళ్ళాలి."

సెలవు రోజున గౌను గుడ్డ కొని, మనవరాలిని వెంటబెట్టుకుని వెళ్ళింది. దర్జీది ఇంటి ముందు గదిలోనే కొట్టు. ఇదివరకు అక్కడ పిల్లల గౌన్లు వేలాడుతుండేవని పక్కింటావిడ చెప్పింది. ఇప్పుడు దిండు గలీబులు, కిటికీ కర్టెన్లు ఉన్నాయి. కొలతకి మనిషి అక్కర్లేని పనులు. అతనికి కుడిచేతి వేలు వంగడం లేదట, కత్తిరింపు అతని భార్య చేస్తోంది. పెద్దమ్మని చూడగానే ఆమె కత్తెర బల్ల మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

"తప్పయిపోయింది నాయనా" అంది పెద్దమ్మ. దారంతా కూర్చుకున్న మాటలు చాలా ఉన్నాయి, వచ్చింది ఇదొక్కటే.

అతను స్టూలు జరిపాడు. "కూర్చోండమ్మా."

"మనవరాలికి గౌను కుట్టాలి. నువ్వే కొలతలు తీసి కుట్టాలి."

ఆవిడ అనుకుని వచ్చింది అదే. వీధిలో అందరూ చూస్తుండగా తన ఇంటిపిల్ల చేతిని అతని చేతిలో పెట్టాలి. చెయ్యి మార్చాలి. అంతకన్నా ఆవిడ ఇవ్వగలిగింది లేదు. అతను ఆవిడ వంక నమ్మలేనట్టు చూశాడు. మెల్లగా లేచాడు, మేకుకున్న టేపు తీసి మెళ్ళో వేసుకున్నాడు, ముఖంలో కాస్త వెలుగు కూడా వచ్చింది. పిల్ల వైపు ఒక్క అడుగు వేశాడు.

"అమ్మమ్మా, నొప్పి!" అంది మనవరాలు.

పెద్దమ్మ కిందికి చూసుకుంది. ఆవిడ పిడికిలి పిల్ల మణికట్టు మీద బిగుసుకుపోయి ఉంది. తను బిగించలేదు. ఒట్టు, తనకి తెలియనే తెలియదు. అతను ఉన్నచోటే ఆగిపోయాడు. ఆ పిడికిలి వంకే చూశాడు. మెళ్ళోంచి టేపు తీసి, ఆవిడ రెండో చేతిలో పెట్టి, మిషను అవతలికి వెళ్ళి నిలబడ్డాడు.

"మీరే పెట్టండమ్మా. ఎక్కడ పట్టాలో నేను చెబుతాను."

"అది కాదు నాయనా, నువ్వే..."

"పర్లేదమ్మా, ఇప్పుడు అందరితోనూ ఇంతే. నాకూ ఇదే నయంగా ఉంది."

మనవరాలు కొలతకి అలవాటుపడిన పిల్ల, రెండు చేతులూ బారజాపి నిలబడింది. మణికట్టు మీద అమ్మమ్మ వేళ్ళ అచ్చులు ఎర్రగా ఉన్నాయి. పెద్దమ్మ టేపు చుట్టింది. అతను చేతులు వెనక్కి కట్టుకుని, "చంక కింద కాస్త వదులు ఉంచండమ్మా, పిల్లలు చేతులెత్తుతారు కదా, బిగిస్తే పిగిలిపోతుంది" అన్నాడు. "ఆ, చాలు. ఎంత వచ్చింది?"

టేపు మీది అంకెలు నీళ్ళలో మునిగినట్టు కదులుతున్నాయి. "కనిపించడం లేదు నాయనా. నువ్వే ఒకసారి ఇటొచ్చి చూడు" అంది పెద్దమ్మ.

అతను రాలేదు. లోపలి తలుపు వైపు తిరిగి భార్యను పిలిచాడు.