డ్రాయింగు మాస్టారూ, చెవుల్లో దూదీ

డ్రాయింగు మాస్టారికి ఒక్కటే జబ్బు. ఏ వస్తువునీ తిన్నగా చేతికివ్వడు. ఎదుటివాళ్ల చెవిలోంచి తీసి ఇస్తాడు.

సుద్దముక్క కావాలా, చెవిలోంచి. గది తాళం కావాలా, అదీ చెవిలోంచే. బస్సులో కండక్టరు టికెట్టు చూపించమంటే కండక్టరు చెవిలోంచే తీసి చూపించాడట. పాపం ఆ కండక్టరు రెండు స్టాపుల దాకా విజిల్ ఊదడం మర్చిపోయాడు. ఒక వానరోజు హెడ్మాస్టరమ్మకి ఆవిడ గొడుగు తిరిగివ్వాల్సొచ్చింది. గొడుగు చెవిలో పట్టదని బుద్ధున్న ఎవరికైనా తెలుసు. ఈయన ఊరుకుంటాడా? పిడి దాకా లాగాడు, అది కొప్పులో చిక్కుకుంది. గొడుగు తెరుచుకుంది, కొప్పు ఊడింది. ఇంట్లో భార్య అయితే ఎప్పుడో చేతులెత్తేసింది. "ఉప్పు డబ్బా నేనే తీసుకుంటాను గానీ, మీరు నా చెవి జోలికి రాకండి మహానుభావా. కూరలో వెంట్రుకలొస్తున్నాయి."

ఈయన సంగతి అందరికంటే బాగా తెలిసింది ఆయమ్మకి. బడిలో ఊడ్చేదీ, నీళ్లు పట్టేదీ, గంట కొట్టేదీ అన్నీ ఆవిడే. ఇరవై రెండేళ్ల సర్వీసు. ఆవిడ చెవిలోంచి మాస్టారు తీసిన సుద్దముక్కలన్నీ పేరిస్తే బడి చుట్టూ గోడ కట్టొచ్చు.

"నా చెవేమన్నా మీ సామాన్ల గదా మాస్టారూ?" అని రోజుకోసారి కసిరేది.

"ఇన్నాళ్లూ అద్దె అడక్కుండా దాచిపెట్టావు. నీది పెద్ద మనసు ఆయమ్మా," అనేవాడాయన.

ఆయమ్మకి అర్థంకాని సంగతి ఇంకోటుంది. సాయంత్రం గదులు ఊడిస్తే పెన్సిలు ముక్కలు దొరుకుతాయి కదా, వాటిని పారెయ్యనిచ్చేవాడు కాదు. బొటనవేలంత ముక్కయినా సరే, పిల్లలు పళ్లతో కొరికి పీచు చేసిన ముక్కయినా సరే, "ఇలా తే ఆయమ్మా" అని జేబులో వేసుకునేవాడు. ఆయన కోటుకి పదకొండు జేబులు. "పదకొండు జేబులున్న మనిషికి ఒక కొత్త పెన్సిలు కొనుక్కోడానికి ప్రాణం ఒప్పదు. పిల్లికి బిచ్చం పెట్టడు," అని ఆయమ్మ చీపురుతో చెప్పుకునేది. చీపురైతే ఎదురు చెప్పదు.

బడికి ఎదురుగా బేకరీ. బేకరీ వాళ్ల నాయనమ్మ నోటికి అడ్డూ ఆపూ లేదు. "మా మనవడు బడి తెరిచిన రోజున కొన్న పెన్సిలే ఇంకా వాడుతున్నాడు. గోరంత కూడా అరగలేదు. పొదుపంటే అదీ!" అని రొట్టె కొన్న ప్రతివాళ్లకీ చెప్పేది. కొననివాళ్లని ఆపి మరీ చెప్పేది.

ఆ పొదుపరి మనవడికి ఒకరోజు లెక్కల్లో సున్నా వచ్చింది.

"మా వంశంలో సున్నా లేదు. బడిలో ఏం జరిగిందో చెప్పరా," అంది నాయనమ్మ.

"ఏం జరగలేదు. డ్రాయింగు సార్ నా చెవిలోంచి పెన్సిలు తీశారు. తీసి..."

"చెవిలోంచా? ఎంత పొడుగుంది?"

పిల్లాడు జానెడు చూపించాడు. "తీసి నాకు..."

"ఇంకేం చెప్పకు!" నాయనమ్మ గుండె మీద చెయ్యేసుకుంది. "జానెడు తెలివి లాగేశాడు!"

సాయంత్రానికల్లా వీధంతా పాకింది. తాళాలు బాగుచేసే ఆయన భార్య వచ్చి, "మా పిల్లకి మేనత్త పేరు గుర్తురావడం లేదు వదినా," అని గొల్లుమంది. ఆ మేనత్త వాళ్ల గడప తొక్కి ఆరేళ్లయింది, పిల్లకి ఏడేళ్లు. ఆ లెక్క ఎవరూ వెయ్యలేదు. చాకిరేవు ఆయన సబ్బు తేవడం మర్చిపోయాడట. ఆయన జన్మలో బడి మొహం చూడలేదు, అయినా ఆయన్నీ బాధితుల్లో కలిపేశారు. మందుల షాపాయన మాత్రం నెమ్మదిగా, "చెవులు మూసేస్తే ఏదీ బయటికి రాదు కదండీ," అన్నాడు. ఆయన కొట్లో దూది చాలా నిల్వ ఉంది.

సోమవారం పొద్దున పిల్లలందరూ రెండు చెవుల్లో దూది కుక్కుకుని వచ్చారు. దూది దొరకనివాళ్లు దిండు చింపారు.

ఇక చూడండి చోద్యం! లెక్కల సార్ "ఏడెనిమిదులు ఎంత?" అంటే ఒకమ్మాయి లేచి "హాజరు సార్" అంది. డిక్టేషనులో ముప్పై మందికి ముప్పై సున్నాలు. ఆయమ్మ సాయంత్రం గంట కొట్టింది. ఎవరూ కదల్లేదు. చెయ్యి నొప్పెట్టేలా కొట్టింది. ఊహూఁ. ఇంటి గంటకి కదలని పిల్లల్ని ఇరవై రెండేళ్లలో ఆవిడ ఆ రోజే చూసింది. చివరికి గది గదికీ వెళ్లి కోళ్లని తోలినట్టు చీపురుతో తోలింది.

ముప్పై సున్నాలు ఇళ్లకి చేరాయి. "చూశారా, ఇంకా కారిపోతూనే ఉంది!" అని మర్నాడు దూది రెండింతలు కుక్కారు.

హెడ్మాస్టరమ్మ మాస్టారిని పిలిచింది. ఆయమ్మ అక్కడే బల్ల తుడుస్తోంది. తుడిచిన బల్లనే నాలుగుసార్లు తుడిచింది.

"మాస్టారూ, శుక్రవారం తల్లిదండ్రులు వస్తున్నారు. మిమ్మల్ని పంపెయ్యకపోతే పిల్లల్ని మాన్పిస్తామంటున్నారు. సగం బడి ఖాళీ అయితే నేనేం చెయ్యగలను? కనీసం ఇవాళ్టి నుంచి చెవుల జోలికి వెళ్లనని రాసివ్వండి."

"అలాగేనండి మేడమ్," అని మాస్టారు కలం కోసం అలవాటుగా ఆవిడ చెవి వైపు చెయ్యి చాపాడు. సగం దారిలో ఆగాడు. చెయ్యి వెనక్కి తీసుకుని జేబులో వెతుక్కున్నాడు. ఆయన ఈ బడికొచ్చిన తొమ్మిదేళ్లలో జేబులోంచి వస్తువు తియ్యడం ఆయమ్మ చూడటం అదే మొదలు. చూడబుద్ధి కాలేదు.

మర్నాడు సుద్దముక్క ఆవిడ చేతిలో పెట్టాడు. అంతే, చేతిలో. ఆ పూటంతా ఆయమ్మకి ఎడమ చెవి వెలితిగా అనిపించింది. రెండుసార్లు తడుముకుంది కూడా.

డ్రాయింగు క్లాసప్పుడు ఆవిడ వరండా ఊడుస్తూ కిటికీలోంచి చూసింది. అందరూ బొమ్మలు గీస్తున్నారు. ఏడుగురు మాత్రం చేతులు కట్టుకుని కూర్చున్నారు.

"ఏమ్మా, నువ్వు గియ్యవా?" అని కిటికీ పక్కనున్న పిల్లనడిగింది. ఆ పిల్లకి ఒక చెవిలోనే దూది ఉంది. ఇంట్లో దూది ఒక చెవికే సరిపోయిందట.

"ఏం గియ్యాలా అని ఆలోచిస్తున్నా ఆయమ్మా."

గురువారం చూసినా ఆ ఏడుగురూ ఆలోచిస్తూనే ఉన్నారు. అంత ఆలోచించడానికి వాళ్లేమన్నా ఇల్లు కడుతున్నారా? అప్పుడు మాస్టారు వచ్చి ఆ పిల్ల ముందు ఆకుపచ్చ పెన్సిలు ఒకటి పెట్టాడు. కొత్తది.

పిల్ల దాన్ని వేలితో వెనక్కి తోసింది. "నాది కాదు సార్."

"తీసుకో తల్లీ."

"ఎవరిచ్చినా తీసుకోవద్దంది సార్ మా అమ్మ." చేతులు రెండూ వెనక్కి దాచేసుకుంది.

మాస్టారి చెయ్యి ఆ పిల్ల చెవి దాకా లేచింది. మళ్లీ దిగింది. రాసిచ్చాడు కదా! వెళ్లి తన బల్ల దగ్గర కూర్చుని, బొమ్మ దిద్దడానికి తన పెన్సిలు తీశాడు. ఒక పాత కలం గొట్టంలో గుచ్చిన ముక్క అది, బొటనవేలంత. దాని మీద పంటిగాట్లున్నాయి. ఆయమ్మ సోమవారం ఊడ్చిన ముక్కే.

ఆయమ్మ చేతిలో చీపురు ఆగిపోయింది. పిసినారి అని ఇన్నాళ్లూ తిట్టుకున్న తిట్లన్నీ చెత్తతో పాటే ఊడ్చి పారెయ్యాలనిపించింది.

శుక్రవారం హాలు కిటకిటలాడింది. ముందు వరసలో బేకరీ నాయనమ్మ, పక్కన దూది చెవుల మనవడు.

"ఆ కోటులోనే ఉంది మంత్రమంతా! జేబులు దులిపించండి!" అంది నాయనమ్మ. "మా పిల్లల తెలివి మాకు తిరిగి ఇప్పించండి!"

మాస్టారు ఒక్కో జేబూ బల్ల మీద బోర్లించాడు. ఆకుపచ్చ పెన్సిళ్లు, రబ్బర్లు, చొక్కా గుండీలు, పిన్నీసులు, మడతపెట్టిన రిబ్బను. చివరి జేబులోంచి పెన్సిలు ముక్కలు జలజలా రాలాయి.

"ఆ ఆకుపచ్చది మావాడిదే!" నాయనమ్మ లేచింది. "దొంగతనం కూడానా!"

"అక్కడ పన్నెండున్నాయి వదినా, మీవాడిది ఏది?" అంది ఆయమ్మ. మీటింగుల్లో ఆవిడ నోరు విప్పడం ఎవరూ ఎరగరు. "సరేగానీ, మీవాడి పెన్సిలు కొని ఎన్నాళ్లయింది?"

"బడి తెరిచిన రోజున కొన్నా. గోరంత కూడా అరగలేదు!"

"రోజూ రాస్తాడా?"

"రాయకేం? పేజీలకి పేజీలు!"

"రోజూ రాసినా అరగని పెన్సిలు నీ ఇంట్లోనే ఉంటే, అది మంత్రమని తోచలేదా? దానికి కుక్కలేదేం దూది?"

ఆయమ్మ మనవడి వైపు తిరిగింది.

"ఒరే నాన్నా, నువ్వు చెప్పు. ఎన్ని పోగొట్టావు?"

"ఆఁ?" అన్నాడు మనవడు.

"దూది తియ్యరా ముందు!"

తీశాడు. నాయనమ్మ వైపు చూడకుండా, "తొమ్మిది," అన్నాడు.

"తొమ్మిదా! నాతో చెప్పలేదేంరా?"

"పెన్సిలు పోతే ఇంట్లోకి రానివ్వనన్నావుగా నాయనమ్మా. సార్‌కీ చెప్పలేదు. ఆయనే చూసి నా చెవిలోంచి తీసి ఇచ్చేవారు. మొన్న చెప్పబోతే ఇంకేం చెప్పకు అన్నావు."

వెనక వరసలో ఒకావిడ మెల్లిగా తన కూతురి ఒక్క చెవి దూదీ లాగేసింది. ఇంకొకావిడ మడతపెట్టిన రిబ్బను కేసి చూసి తలొంచుకుంది.

"ఈ గోలంతా ఎందుకు మాస్టారూ," అంది హెడ్మాస్టరమ్మ, "తిన్నగా చేతికివ్వచ్చుగా?"

"చేతికిస్తే తీసుకోరండి," అన్నాడాయన నేల చూపులు చూస్తూ. "వాళ్ల చెవిలోంచి వచ్చిందనుకోండి, అది వాళ్లదే అవుతుంది. నాదెలా అవుతుంది?"

హెడ్మాస్టరమ్మ ఆయన రాసిచ్చిన కాగితం తీసింది, నాలుగు ముక్కలు చేసింది. ఊడ్చేదాన్ని నేనని కూడా ఆయమ్మ అనలేదు.

"మరి సున్నా ఎందుకొచ్చింది?" నాయనమ్మ అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు.

"చదవలేదండి," అన్నాడు లెక్కల సార్.

"అంతేనా?"

"అంతేనండి."

నాయనమ్మ చాలా నిరాశపడింది.

ఆ సాయంత్రం ఆయమ్మ ఊడ్చిన దూది ఒక దిండుకి సరిపోయింది. గంట దగ్గరున్న తన స్టూలు మీద వేసుకుంది. ఎవరి తెలివితక్కువతనం ఎవరికి దిండవుతుందో ఎవరు చెప్పగలరు?

సోమవారం పొద్దున్నే బేకరీ నాయనమ్మ వీధి దాటి బడిలోకొచ్చింది. చేతులకి పిండి, కొంగు చాటున ఏదో మూట. మాస్టారు గేటు దగ్గర కనబడగానే ఎదురెళ్లి, మునివేళ్ల మీద లేచి ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టింది. ఆవిడకి ఆ విద్య ఎక్కడొస్తుంది? పెన్సిళ్ల పెట్టె కొంగులోంచి జారి టపీమని కింద పడింది. మాస్టారి చెవి నిండా పిండి అయింది.

మాస్టారు వంగి పెట్టె తీసుకున్నాడు. కళ్లు పెద్దవి చేసి చెవి తడుముకున్నాడు.

"అబ్బో! ఇంత పెట్టె ఎన్నాళ్ల నుంచి ఉందమ్మా నా చెవిలో?"

"నాకేం తెలుసు?" అంది నాయనమ్మ వెనక్కి తిరుగుతూ. "ముందు ఆ చెవులు శుభ్రంగా ఉంచుకో నాయనా. పిల్లలకి పాఠాలు చెప్పేవాడివి!"