పగలు మాత్రమే తిరిగే బండి

మొన్న మధ్యాహ్నం సిగ్నల్ దగ్గర నా కారు పక్కన ఒక మోటార్‌సైకిల్ ఆగింది. అంత ఎండలోనూ దాని హెడ్‌లైట్ వెలుగుతోంది. ఇప్పటి బండ్లు అంతే, స్టార్ట్ చేస్తే లైటు దానంతటదే వెలుగుతుంది. నాకు మా బావగారి బండి గుర్తొచ్చింది. దానికి లైట్లు లేవు. పాడైపోయి కాదు, పుట్టుకతోనే లేవు.

రెండువేల పది ప్రాంతంలో మేమంతా హెర్న్‌డన్ అనే ఊళ్లో ఉండేవాళ్లం. అక్కావాళ్ల పక్కింటి ముసలావిడ, భర్త పోయాక గరాజ్ ఖాళీ చేస్తూ ఆయన పాత బండిని బావగారికి అమ్మింది. రాళ్లూ గుట్టలూ ఎక్కించే పోటీల కోసం ఎప్పుడో తయారైన బండి, ఎముకలు తేలిన మేకపోతులా ఉండేది. దానికి నంబర్ ప్లేటుంది, పగటిపూట రోడ్డు మీద నడపడానికి అనుమతీ ఉంది. కర్నూల్లో కాలేజీ రోజులన్నీ బండి మీదే గడిపి, ఇక్కడికొచ్చాక ఏళ్ల తరబడి ట్రాఫిక్‌లో కారు స్టీరింగ్ పట్టుకు కూర్చున్న మనిషికి అంతకంటే ఏం కావాలి? అక్క మాత్రం ఒకటే మాట అంది. "ఇన్సూరెన్స్ లేకుండా గరాజ్ దాటడానికి వీల్లేదు. గ్రీన్ కార్డ్ ప్రాసెస్‌లో ఉంది. ఏ కేసో అయితే మన గతేంటి?"

బావగారు ఫోన్ పట్టుకున్నారు. ఏ ఇన్సూరెన్స్ కంపెనీకి చేసినా మాట హెడ్‌లైట్ దగ్గరే ఆగిపోయేది. స్పీకర్‌లో నేను విన్న ఒక సంభాషణ ఇంచుమించు ఇలా సాగింది. "లైటు ఎప్పుడు పగిలింది సర్?" "పగల్లేదు, అసలు లేదు." "మరి ఎప్పుడు పెట్టించుకుంటారు?" "పెట్టించుకోను." కాసేపు సంగీతం వినిపించి కాల్ కట్టయింది.

చివరికి మేం దోసెపిండి కొనుక్కునే షాపు వరసలోనే ఉన్న చిన్న ఇన్సూరెన్స్ ఆఫీస్‌లో పని జరిగింది. అక్కడి ఏజెంటు, అరవై దాటిన తెల్లావిడ, పైవాళ్లతో చాలాసేపు మాట్లాడి, పగలు మాత్రమే నడపాలన్న షరతు మీద పాలసీకి ఒప్పించింది. సంతకానికి ముందు బావగారిని అడిగింది. "ఇల్లు చేరకముందే చీకటి పడితే ఏం చేస్తావు?"

"ఆపేస్తాను."

"ఎక్కడ?"

"ఎక్కడుంటే అక్కడే."

ఆవిడ నవ్వలేదు. పెన్ను చేతికిచ్చింది.

ఆ నవంబర్‌లో ఒక శనివారం, ఊరికి పడమటగా పొలాల మధ్య బావగారి బండి చెయిన్ తెగింది. ఎలాగో అతుకు వేసుకునేసరికి పొద్దు వాలిపోయింది. నాకు ఫోన్ చేశారు. నేను వెళ్లేసరికి ఒక ఫారం హౌస్ గేటు ముందు బండి పట్టుకుని నిలబడి ఉన్నారు. "నా వెనకాలే వచ్చేయండి బావా, నా లైట్లు చాలవా? ఎవరు చూడొచ్చారు?" అన్నాను.

"ఆ ఇన్సూరెన్స్ ఆవిడకి మాటిచ్చాను కదరా" అన్నారు.

నాకు చిరాకేసింది. ఇంతలో కుక్కని పట్టుకుని ఇంటాయన బయటికొచ్చాడు. మసక వెలుతుర్లో తన గేటు దగ్గర తచ్చాడుతున్న ఇద్దరు పరాయివాళ్లని చూసి అతని మొహం బిగుసుకుంది. బావగారు తొణక్కుండా, బండికి లైట్లు లేవనీ, తెల్లారేదాకా ఇక్కడ పెట్టుకోనివ్వమనీ అడిగారు. అతను బండి చుట్టూ తిరిగి చూసి, గడ్డి కొట్టం తలుపు తీశాడు.

బావగారిని కారెక్కించుకుని తిరిగి వస్తుంటే ఒక మలుపులో జింక నా కారుకి అడ్డం దూకింది. బ్రేక్ వేసేలోపే గుద్దేశాను. బంపర్ ఊడింది, అద్దం పగిలింది, కారు పక్కకి తిరిగి రోడ్డుకడ్డంగా ఆగింది. నా మాట విని ఉంటే, సరిగ్గా ఆ వెనకే బావగారి బండి ఉండేది. దిగి చూస్తే జింక లేదు, లేచి ఎటో పోయింది. మిగతా దారంతా బావగారే డ్రైవ్ చేశారు. ఇంటికెళ్లాక అక్కకి జింక సంగతి ఒక్కటే చెప్పాం.

పొద్దున్నే వెళ్లి బండి తెచ్చుకున్నారు. గ్రీన్ కార్డ్ వచ్చి ప్లేనో అనే ఊరికి మారేదాకా నడిపారు. ఆ రోజుల్లో మేమంతా ఆఫీసుల్లో కిటికీల్లేని క్యూబికల్స్‌లో కూర్చుని, సాయంత్రం ఎప్పుడైందో తెలియకుండా ఇళ్లకొచ్చేవాళ్లం. బావగారొక్కరే ఆకాశం చూసుకుంటూ బతికారు. ఒక రోజు ఎంతసేపుంటుందో ఆయనకి తెలిసింది. మాకు ఆ ఏళ్లు ఎటు పోయాయో ఇప్పటికీ తెలియదు.